యూనివర్సిటీకి 'ఎ', ఎమ్మెల్యేకి 'యాన్': ఎందుకలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివారు, ఇప్పుడు పోటీ పరీక్షలకు తయారవుతున్నారు. మాక్ టెస్టులో ఇంగ్లీషు ఆర్టికల్స్ (పదాల ముందు వచ్చే ఎ, యాన్) అడిగిన చోట 'యాన్ యూనివర్సిటీ' అనీ, 'ఎ ఎమ్మెల్యే' అనీ పెడితే రెండూ తప్పన్నారు. బళ్లో మాత్రం "ఎ, ఇ, ఐ, ఒ, యు వస్తే యాన్, మిగతా వాటికి ఎ" అని నేర్పారు. ఈ సూత్రానికి మినహాయింపుల జాబితా ఇస్తే బట్టీ పట్టేస్తానన్నారు. చివర్లో ఐదు ఖాళీలు కూడా పెట్టారు: అవర్ (గంట), ఇయర్ (సంవత్సరం), యూరోపియన్, ఎస్సై, హెచ్ఆర్ మేనేజర్. వీటి ముందు ఏది రావాలని. చివరిదానికి మాక్ టెస్టు జవాబుల కీలో ఎ ఇచ్చారనీ రాశారు.

జాబితా అక్కర్లేదండి. తర్వాతి పదం ఏ అక్షరంతో మొదలైందో చూడకండి, ఏ శబ్దంతో మొదలైందో వినండి. అచ్చు శబ్దమైతే యాన్, హల్లు శబ్దమైతే ఎ. మీరు మినహాయింపులు అనుకుంటున్నవన్నీ రాసేది ఒకటి, పలికేది ఇంకొకటి అయిన పదాలు. సూత్రం వాటికీ అదే. చెప్పుకోదగ్గ తేడా ఒక్కచోటే ఉంది, అదీ పాతబడిపోయింది. దాని సంగతి కింద రాస్తాను.

నేను హనుమకొండలో ఇరవై నాలుగేళ్లుగా ఇంగ్లీషు గ్రామర్ చెప్తున్నాను. మొదట హైస్కూలు పిల్లలకు, తర్వాత మీలాగా ఉద్యోగ పరీక్షలకు కూర్చునేవాళ్లకు. ఈ సంగతి అర్థం చేసుకోవడానికి తెలుగువాళ్లకు కావలసిన సరుకు తెలుగులోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అది తట్టిన రోజు నుంచి పాఠం తేలికైపోయింది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

'సత్యం'కి వ్యతిరేకం చెప్పండి. అసత్యం. ధర్మానికి అధర్మం. శాంతికి అశాంతి. మరి 'ఆరోగ్యం'కి? అఆరోగ్యం అనరు కదా, అనారోగ్యం అంటారు. అర్హతకు అనర్హత, అవసరానికి అనవసరం, ఉచితానికి అనుచితం, ఐక్యతకు అనైక్యత. హల్లు ముందు 'అ' వచ్చింది, అచ్చు ముందు 'అన్' వచ్చింది. ఇది సంస్కృతం నుంచి మనకొచ్చిన పద్ధతి. దీన్ని మీరు ఏ జాబితా చూసీ నేర్చుకోలేదు. రెండు అచ్చులు పక్కపక్కన పడితే నోరు తడబడుతుంది కాబట్టి మధ్యలో ఒక 'న్' వచ్చి పట్టుకుంటుంది. ఇంగ్లీషులో ఎ, యాన్‌ల పని కూడా అచ్చంగా ఇదే. ఆ రెండింటికీ పుట్టుకలో సంబంధం లేదు. మన 'అన్' కాదనడానికి, వాళ్ల 'యాన్' ఒకటి అనడానికి. కానీ నోటికి కలిగే ఇబ్బంది ఒకటే, విరుగుడూ ఒకటే.

ఇప్పుడు 'యోగ్యత'కు వ్యతిరేకం చెప్పండి. అయోగ్యత. అన్యోగ్యత కాదు, ఎందుకంటే 'య' హల్లు. మీ యూనివర్సిటీకి జవాబు దొరికింది కదా? ఇంగ్లీషు స్పెల్లింగులో యు అనే అక్షరం అచ్చు కావచ్చు. నోట్లోంచి వచ్చేది మాత్రం 'యూ', అంటే య్ అనే హల్లు. అందుకే ఎ యూనివర్సిటీ, ఎ యూనిఫాం, ఎ యూనియన్, ఎ యూనిట్, ఎ యూజర్, ఎ యూజ్‌ఫుల్ బుక్. యూరోపియన్ ఇ అక్షరంతో మొదలైనా వినపడేది య్ కాబట్టి ఎ యూరోపియన్. 'వన్' ఒ అక్షరంతో మొదలైనా వినపడేది వ్ కాబట్టి ఎ వన్-రుపీ కాయిన్, ఎ వన్-వే టికెట్. 'హింస'కు అహింస అన్నట్టే, హ్ పలికితే అది హల్లే: ఎ హౌస్, ఎ హాస్పిటల్.

యు అక్షరం ప్రతిసారీ 'యూ' కాదు. అంబ్రెల్లా, అంకుల్, అంపైర్, అర్జెంట్ మెసేజ్, ఇవన్నీ 'అ' శబ్దంతో మొదలవుతాయి కాబట్టి యాన్. ఇక్కడ ఒక చోట జాగ్రత్త. స్పెల్లింగులో యు-ఎన్-ఐ కనపడగానే 'యూని' అనుకుని ఎ పెట్టేస్తారు. 'అన్ఐడెంటిఫైడ్' కూడా అవే మూడు అక్షరాలతో మొదలవుతుంది, కానీ పలికేది 'అన్'. అందుకే గుర్తు తెలియని మృతదేహం అనాలంటే యాన్ అన్ఐడెంటిఫైడ్ బాడీ. యూనిక్ పదం ముందు ఎ, అన్ఇంపార్టెంట్ ముందు యాన్.

హ్ పలకని పదాలకు మాత్రం జాబితా ఇవ్వవచ్చు, చాలా చిన్నది కాబట్టి: అవర్, ఆనెస్ట్, ఆనర్, ఎయిర్. ఈ చివరిది గాలి కాదు, వారసుడు. హెచ్‌తో మొదలయ్యే ఆ మాటను మనవాళ్లు చాలామంది జుట్టులాగా 'హెయిర్' అంటారు, తప్పు. వీటి నుంచి పుట్టిన ఆనరబుల్, ఆనరరీ, అవర్లీ లాంటివీ ఇదే దారి. అమెరికాలో మూలికను 'అర్బ్' అంటారు కాబట్టి అక్కడ దానికీ యాన్ పెడతారు, బ్రిటన్‌లో 'హర్బ్' అంటారు కాబట్టి ఎ. మన పరీక్షల వరకు మొదటి నాలుగూ చాలు.

ఇక మీ ఎమ్మెల్యే. పొట్టి అక్షరాల మాటలకు కూడా చెవే ప్రమాణం. 'ఎమ్' అనే పేరు 'ఎ' శబ్దంతో మొదలవుతుంది, కాబట్టి యాన్ ఎమ్మెల్యే, యాన్ ఎంపీ, యాన్ ఎంబీఏ. దాన్నే పూర్తిగా విడదీసి మెంబర్ అని రాస్తే మ్ శబ్దం, అప్పుడు ఎ మెంబర్. సబ్-ఇన్‌స్పెక్టర్ ముందు ఎ, ఎస్సై ముందు యాన్. ఎగిరే పళ్లేల మాట ఇంకా బాగుంటుంది: విడదీసి రాస్తే యాన్ అన్ఐడెంటిఫైడ్ ఫ్లయింగ్ ఆబ్జెక్ట్, కుదిస్తే ఎ యూఎఫ్ఓ. వస్తువు ఒకటే, ఆర్టికల్ మారింది.

ఇంగ్లీషు అక్షరాల్లో పన్నెండు పేర్లు అచ్చు శబ్దంతో మొదలవుతాయి: ఎ, ఇ, ఎఫ్, హెచ్, ఐ, ఎల్, ఎమ్, ఎన్, ఒ, ఆర్, ఎస్, ఎక్స్. అందుకే యాన్ ఎఫ్ఐఆర్, యాన్ ఎల్ఐసీ ఏజెంట్, యాన్ ఎన్ఆర్ఐ, యాన్ ఓటీపీ, యాన్ ఆర్టీసీ బస్, యాన్ ఎక్స్-రే. మిగతా పద్నాలుగూ హల్లు శబ్దాలు: ఎ బీటెక్ స్టూడెంట్, ఎ పీహెచ్‌డీ, ఎ టీవీ, ఎ యూపీఐ పేమెంట్. హెచ్‌ను అచ్చుల్లో ఎందుకు చేర్చానో కాసేపట్లో చెప్తాను.

పొట్టి మాటను అక్షరాలుగా కాక ఒకే మాటగా చదివితే ఆ చదివిన శబ్దమే లెక్క. ఎస్ఎంఎస్ ముందు యాన్, సిమ్ కార్డ్ ముందు ఎ. రెండింటికీ మొదటి అక్షరం ఎస్సే. ఎన్‌టీపీసీ ప్లాంట్ ముందు యాన్, నాసా సైంటిస్ట్ ముందు ఎ. సాఫ్ట్‌వేర్ వాళ్లలో ఒక డేటాబేస్ భాష పేరును ఎస్‌క్యూఎల్ అనేవాళ్లు యాన్ పెడతారు, దాన్నే 'సీక్వెల్' అనేవాళ్లు ఎ పెడతారు. ఎవరు పలికే తీరును బట్టి వాళ్లది ఒప్పే.

ఇంతవరకూ ఏ గ్రామర్ గైడ్‌లోనైనా దొరుకుతుంది. గైడ్లలో నాకు కనపడనిదీ, మనవాళ్లను నిజంగా దెబ్బతీసేదీ ఇంకొకటి ఉంది. సూత్రం తెలిసి, చెవినే నమ్మి కూడా తప్పు పెట్టేవాళ్లున్నారు. ఎందుకంటే వాళ్ల చెవిలో ఉన్నది తెలుగు ఉచ్చారణ.

తెలుగులో మాట మొదట్లో ఇ, ఎ వస్తే మనకు తెలియకుండానే ముందు ఒక చిన్న య్ చేరుతుంది. ఎలుక యెలుక అవుతుంది, ఇల్లు యిల్లు అవుతుంది. అలాగే ఒక వొక, ఊరు వూరు. పాత పుస్తకాల్లో ఇలాగే అచ్చు వేసేవారు కూడా. ఈ అలవాటునే ఇంగ్లీషు మాటలకూ తగిలిస్తాం. యెగ్గు, యింజనీరు, యాపిల్ అంటాం. బోర్డుల మీద యం.ఎ., యస్.ఐ., యల్.ఐ.సి. అని రాస్తాం. యన్.టి.రామారావు అని చదువుతూ పెరిగాం. ఆఖరికి ఈ సమాధానంలో నేను రాస్తున్న 'యాన్' అనే మాటలోనే ఆ య్ ఉంది, చూడండి. మరో దారి లేక అలా రాస్తున్నాను. అసలు పలకవలసింది 'అన్'.

చాలా ఏళ్ల కిందట ఒక అబ్బాయి ఎస్సై పరీక్షకు తయారవుతూ నా దగ్గరికి వచ్చేవాడు. శబ్దం వినాలని నేను పదిసార్లు చెప్పాను, అతనూ పదిసార్లు తలూపాడు. పేపర్లో మాత్రం ప్రతిసారీ 'ఎ ఎస్సై' అనే పెట్టేవాడు. ఎందుకు పెట్టావని అడిగితే, "సార్, మీరే కదా య్ వినపడితే హల్లు అన్నారు? యస్సైలో య్ ఉంది కదా" అన్నాడు. అతను సూత్రాన్ని అక్షరాలా పాటించాడు. నా పాఠంలోనే లోపముంది. ఆ రోజు నుంచి ఆర్టికల్ పాఠానికి ముందు ఒక గంట ఉచ్చారణ చెప్పడం మొదలుపెట్టాను. ఎగ్, ఎస్, ఎల్, ఎమ్, ఎన్, ఇంజన్, ఆపిల్. ముందు య్ లేకుండా, నోరు తెరవగానే అచ్చు వచ్చేలా. అద్దం ముందు నాలుగు రోజులు చేస్తే చాలు.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో తప్పుంది. ఉండవలసిన య్‌ను మింగేయడం. 'సంవత్సరం' అనే అర్థంలో ఇంగ్లీషు మాట 'యియర్', వైతో మొదలవుతుంది, ఆ య్ స్పష్టంగా పలకాలి. మనం 'ఇయర్' అంటాం. ఇల్లు, యిల్లు మనకు ఒక్కటే కాబట్టి ఇయర్, యియర్ కూడా ఒక్కటిగానే వినిపిస్తాయి. దాంతో 'యాన్ ఇయర్' అని రాసేస్తారు. ఆఫీసు మెయిళ్లలో, పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ల రాతల్లో కూడా నేను రోజూ చూస్తున్న తప్పు ఇది. ఇంగ్లీషువాడికి 'యాన్ ఇయర్' అంటే ఒక చెవి. సంవత్సరమైతే ఎ ఇయర్ అనే రాయాలి. పంట దిగుబడికి వాడే యీల్డ్ కూడా ఇంతే, ఎ. వ్ శబ్దంలోనూ ఇదే చిక్కు: ఉమన్, ఉడ్, ఉల్ అంటాం కానీ అవి డబ్ల్యూతో మొదలయ్యే హల్లు మాటలు. ఎ ఉమన్ అనాలి, యాన్ కాదు.

మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి వ్యాసాలు చక్కగా రాసేది. ఒక్క 'యాన్ ఇయర్' మాత్రం వదిలేది కాదు. రెండు నెలలు ఎర్ర సిరాతో దిద్దినా పోలేదు. చివరికి "యిల్లు అని గట్టిగా అను, ఆ య్ పట్టుకుని యియర్ అను" అన్నాను. అంతే, పోయింది. దిద్దడం వల్ల పోని తప్పు నోటి వల్ల పోయింది.

ఇప్పుడు హెచ్. ఆ అక్షరం పేరు ఇంగ్లీషు నిఘంటువుల్లో 'ఎయిచ్'. మన దేశంలో చాలామంది, ఐర్లండులో చాలామంది 'హెచ్' అంటారు. హెచ్ అని పలికేవాళ్ల నోటికి ఎ హెచ్ఎంటీ వాచ్ అనడమే సహజం, వాళ్ల చెవికి అది తప్పుగా తోచదు. మాట్లాడేటప్పుడు నేనైతే ఎవరినీ ఆపను. కానీ పరీక్షల్లో కీ మామూలుగా 'ఎయిచ్'ను బట్టే తయారవుతుంది. రాసేటప్పుడు యాన్ పెట్టండి.

ఇంకొక విషయం చాలామంది మర్చిపోతారు. ఆర్టికల్ చూసేది తన పక్కనున్న మాటనే, ఆ తర్వాతి నామవాచకాన్ని కాదు. యాన్ ఆపిల్, కానీ ఎ రెడ్ ఆపిల్. ఎ హౌస్, కానీ యాన్ ఓల్డ్ హౌస్. యాన్ ఆనెస్ట్ మ్యాన్, మధ్యలో వెరీ వస్తే ఎ వెరీ ఆనెస్ట్ మ్యాన్. అంకెలు కూడా మాటలే. 8, 11, 18, 80 ముందు యాన్, ఎందుకంటే ఎయిట్, ఎలెవన్, ఎయిటీన్, ఎయిటీ అని చదువుతాం. 'యాన్ 18-ఇయర్-ఓల్డ్ బాయ్' అని పేపర్లలో చూసే ఉంటారు. ఆ మాటలో ఇయర్ ఉందని ఎ పెట్టకండి, పక్కనున్నది ఎయిటీన్.

చరిత్ర పరీక్షకు అక్కర్లేదు కానీ, తెలిస్తే మీకు ఈ రెండు మాటల మీద ఇష్టం కలుగుతుంది. ముందు పుట్టింది ఎ కాదు, యాన్. సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఒకటి అనే మాటే క్రమంగా రెండు దారులు పట్టింది: ఒకటి అంకెగా 'వన్' అయింది, రెండోది తేలికపడి 'యాన్' అయింది. తర్వాత హల్లుల ముందు దాని న్ రాలిపోయి ఎ మిగిలింది. అంటే 'అచ్చు వస్తే న్ చేరుతుంది' అనడం కంటే 'హల్లు వస్తే న్ రాలిపోతుంది' అనడమే సరైన మాట.

ఈ న్ ఎటు చెందుతుందో ఇంగ్లీషువాళ్లే పొరబడ్డారు. క్రికెట్ అంపైర్ అసలు 'నంపైర్' లాంటి మాట. ఫ్రెంచి నుంచి వచ్చింది, ఇద్దరిలో ఎవరికీ జత కాని మూడో మనిషి అని అర్థం. 'ఎ నంపైర్' అనగా అనగా వినేవాళ్లకు 'యాన్ అంపైర్' అయింది. వంటింట్లో కట్టుకునే ఏప్రన్ కూడా ఒకప్పుడు న్‌తో మొదలైనదే. నిక్‌నేమ్‌లో దీనికి తిరగబడి జరిగింది: 'యాన్ ఈక్-నేమ్', అంటే అదనపు పేరు, అందులోని న్ వెళ్లి పేరుకు అంటుకుంది. ఆరెంజ్ కూడా మన నారంగం నుంచి పర్షియా, అరబ్బుల మీదుగా వెళ్లిన మాటే. ఇంగ్లీషుకు చేరకముందే యూరప్‌లో దాని న్ ఊడిపోయింది. మన నారింజలో ఇంకా ఉంది. 'అన్యాయం'ను అన్ + యాయం అని విడగొట్టిన పిల్లలను నేను చూశాను. అ + న్యాయం అని చెప్పి, వెంటనే అంపైర్ కథ చెప్తాను.

పైన మాటిచ్చిన పాత తేడా ఇది: హిస్టారిక్, హోటల్ లాంటి మాటల ముందు కొందరు యాన్ రాస్తారు. మొదటి భాగాన్ని ఒత్తి పలకని ఇలాంటి పదాల్లో ఒకప్పుడు హ్ సరిగా పలికేవారు కాదు. ఇప్పుడు పలుకుతున్నారు కాబట్టి ఎ పెట్టడమే మేలు. పాత రాతల్లో 'యాన్ యూనిఫాం' లాంటివీ ఉన్నాయి, 1787 నాటి అమెరికా రాజ్యాంగంలోనే ఉంది. అప్పట్లో అది చెల్లింది. మీరు ఇప్పుడు రాస్తే మార్కు పోతుంది.

మీరు అడగలేదు కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను. నా అనుభవంలో తెలుగువాళ్లు ఎ బదులు యాన్ పెట్టి పోగొట్టుకునే మార్కుల కంటే, అసలు ఏదీ పెట్టకుండా పోగొట్టుకునేవే ఎక్కువ. "మా నాన్న రైతు" అంటాం, "ఒక రైతు" అనం. ఆ అలవాటుతోనే 'మై ఫాదర్ ఈజ్ ఫార్మర్' అని రాస్తాం. ఇంగ్లీషులో వృత్తి చెప్తే ఆర్టికల్ తప్పనిసరి: ఎ ఫార్మర్, ఎ టీచర్, యాన్ ఎలక్ట్రీషియన్. మరోవైపు "నాకో సలహా ఇవ్వండి" అని తెలుగులో అంటాం కదా అని 'యాన్ అడ్వైస్' అని రాస్తాం. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్, న్యూస్ ఇంగ్లీషులో లెక్కపెట్టలేని మాటలు, వాటికి ఎ గానీ యాన్ గానీ రాదు. 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' అనాలి. ఖాళీకి 'ఆర్టికల్ అక్కర్లేదు' అనే ఆప్షన్ ఉంటే ముందు ఇది చూసుకుని, ఆ తర్వాతే శబ్దం దగ్గరికి వెళ్లండి.

సాధన ఎలాగంటే, రోజూ ఇంగ్లీషు పేపర్లో ఒక్క వార్త తీసుకుని ఎ, యాన్ ఉన్న చోటల్లా పైకి చదవండి. 'ఏ', 'యాన్' అని ఒత్తి విడిగా చదవకండి. అ, అన్ అని తేలిగ్గా, తర్వాతి మాటతో కలిపి చదవండి: అనవర్, అనెగ్, అనంకుల్, అనెమ్మెల్యే. కలిపి చదివితే న్ అచ్చుకు దానంతటదే అతుక్కుంటుంది. తప్పు పెడితే నోటికే అడ్డం తగులుతుంది. పరీక్ష హాల్లో పైకి అనలేరు కాబట్టి పెదాలు కదిపితే చాలు.

మీ ఐదు ఖాళీలు: అవర్‌కు యాన్, హ్ పలకదు. ఇయర్‌కు ఎ, య్ ఉంది. యూరోపియన్‌కు ఎ, అదే కారణం. ఎస్సైకి యాన్, 'యస్సై' అనకుండా ఉంటే. హెచ్ఆర్ మేనేజర్‌కు యాన్. మీ మాక్ టెస్టు కీలో దీనికి ఎ ఇచ్చారని రాశారు కదా, తయారుచేసినవాళ్లు 'హెచ్' అని పలుకుతారనుకుంటాను. అసలు పరీక్షలో అది వస్తే మీరు యాన్ పెట్టండి, కీ వేరుగా వస్తే నిఘంటువులోని ఉచ్చారణ చూపించి అభ్యంతరం తెలపండి.